ఇరవై అయిదు దగ్గర మడిచిన వేలు

మెట్‌పల్లి దగ్గర ఒక ఊళ్లో తిరుమల ఇరవై ఏళ్లుగా అంగన్‌వాడీ టీచరు. నేను పక్క ఊరి టీచర్ని. ఆమెకు రికార్డంటే ప్రాణం. కోడిగుడ్డు పగిలినా రాసిపెట్టే రకం. అన్నేళ్లలో ఒక్క కొట్టివేత లేదు.

ఈ ఏడాది అయిదేళ్ల రిషిక పేరెదుట, 'ఇరవై అయిదు దాటి లెక్క రాదు, ఒకటో తరగతికి పంపలేం' అని రాసింది. పిల్ల ఇరవై అయిదు దాకా గడగడా చెప్పి, ఒక వేలు మడిచి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. నాయనమ్మ కొమురవ్వ వచ్చి, ఇంట్లో మస్తు లెక్కపెడుతుందని బతిమాలింది. తోటి పిల్లలు బడికి పోతే ఇదొక్కతే మిగిలిపోతుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. తిరుమల వినలేదు. రాసింది రాసిందే.

అంతలో మా ఇద్దరికీ కరీంనగర్‌లో మూడు రోజుల శిక్షణ పడింది. పిల్లల ఇంటి అలవాట్లు తెలుసుకుని వాటితోనే పాఠం చెప్పాలట. ఇంత చిన్న మాటకు మూడు రోజులు. చివరి రోజు, బడికి పోకముందు ఇంట్లో ఏం నేర్చుకున్నారో ఒక్కొక్కరినీ చెప్పమన్నారు. నేను బతుకమ్మ పేర్చడం అన్నాను. తిరుమల ముగ్గు అంది. ఆమెకు ముగ్గు రాదు. అబద్ధమాడిందని ఒళ్లు మండింది.

తిరుగు బస్సులో తిరుమల పొద్దుపోక కరెంటు స్తంభాలు లెక్కపెట్టసాగింది. ఇరవై అయిదు కాగానే ఆమె వేలు దానంతటదే మడుచుకుంది. మళ్లీ ఒకటి అంది. అని, ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

"మా అవ్వ బీడీలు చేసేది" అంది చివరికి. "కట్టకు ఇరవై అయిదు. నేనే కట్టకో వేలు మడిచి లెక్కవెట్టి ఇచ్చేదాన్ని. బడిల పిల్లలు నవ్విన్రని మళ్ల ఎవ్వలకు చెప్పలే."

కొమురవ్వదీ బీడీల పనే. ఆ సంగతి తిరుమలకు మొదట్నుంచీ తెలుసు. అయినా ఊరికొచ్చాక రికార్డు దిద్దలేదు. దిద్దితే ఎందుకో చెప్పాలి మరి.

వారం తర్వాత సూపర్‌వైజరు తిరుమల సెంటరుకు వచ్చింది. నా రికార్డు కూడా చూపించుకోవాలని నేనూ వెళ్లాను. సూపర్‌వైజరు రిషిక ముందు చింతగింజలు పోసి లెక్కపెట్టమంది. పిల్ల రెండు వేళ్లు మడిచి, రెండు కట్టల మీద మూడు అంది. మీరు రాసింది నిజమేనని తిరుమలతో అంటూ ఆవిడ సంతకానికి పెన్ను తీసింది. గుమ్మంలో కొమురవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుమల లేచి నిలబడింది.

"పిల్ల సరిగ్గనే చెప్పింది మేడమ్, యాభై మూడు. నేను గూడ బీడీల చాట కాడ గట్లనే నేర్చుకున్న. తప్పు రాసింది నేను."

రికార్డు లాక్కుని, స్కేలు పెట్టి మరీ ఆ వాక్యం కొట్టేసింది.