రికార్డుకెక్కని ఎద్దు

నేను స్టెనోగ్రాఫర్‌గా చేరిన కోర్టు బోధన్ అవతల, చెరకు పొలాల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉండేది. రోజూ నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఇప్పుడు బదిలీ మీద నిజామాబాద్‌లోనే పనిచేస్తున్నాను. ఆ చిన్న ఊరి కోర్టు కేసులు చాలావరకు మనసులోంచి చెరిగిపోయాయి. ఒక ఆడమనిషి, ఆమె ఎద్దు మాత్రం చెరగలేదు.

కోర్టు అంటే జనానికి జడ్జిగారే కనిపిస్తారు. ఆయన చుట్టూ మేం కొందరం ఉంటాం. బెంచి క్లర్కు ఫైళ్లు అందిస్తాడు, వాయిదాలు రాస్తాడు. అటెండరు గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తాడు. సమన్లు పట్టుకుని ఊళ్లు తిరగడానికి ఒక మనిషి ఉంటాడు. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతుంటే నేను రాసుకుంటాను. ఇంకా కొన్ని పోస్టులు కాగితం మీద ఉండేవి గానీ మనుషులు లేరు. టైపిస్టును జిల్లా కోర్టుకు పంపేశారు. నకళ్లు తీసే ఆయన రిటైరయ్యాక ఆ పనీ బెంచి క్లర్కు నెత్తినే పడింది. మరాఠీ వచ్చినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే ఉంది, సంతలో సగం బేరాలు మరాఠీలోనే నడుస్తాయి. అయినా మాకు దుబాసీ లేడు.

చెరకు కొట్టే కాలంలో అటువైపు నుంచి కూలీలు ఎడ్లబండ్ల మీద వచ్చి పొలాల పక్కన గుడిసెలు వేసుకుంటారు. ఆ ఏడు అలా వచ్చిన ఒక భార్యాభర్తల ఎద్దుల్లో ఒకదాన్ని ఎవరో విప్పుకుపోయారు. పోలీసులు దొంగను పట్టుకునేసరికి ఆ ఎద్దును సంతలో మోస్రా వైపు రైతు ఒకాయన కొనుక్కున్నాడు. ఆయనకు అది దొంగ సొత్తని తెలియదు. కేసు తేలేదాకా ఎద్దును తమ దగ్గరే ఉంచాలని ఆ రైతు, ఎద్దు పోయిన కూలీ భార్య ఇద్దరూ కోర్టుకొచ్చారు. రైతు దగ్గర సంత రశీదు ఉంది. ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు. భర్త పని మానుకోలేక ఆమెనే పంపేవాడు.

అప్పటి జడ్జిగారు ఓపిక ఉన్న మనిషి. ఎద్దును కోర్టు ఆవరణలోకి తెప్పించమన్నారు. రైతు దాన్ని ఆటో ట్రాలీలో తెచ్చి వేపచెట్టుకు కట్టాడు. జడ్జిగారు వరండాలోకొచ్చి నిలబడ్డారు. వెనకాల నేను, చేతిలో పెన్సిలు, పుస్తకం.

ఆమె ఎద్దును పిలవలేదు. నడుచుకుంటూ వెళ్లి గంగడోలు కింద చెయ్యి పెట్టింది. ఎద్దు తల దించి ఆమె భుజం మీద మూతి ఆనించి, చీర కొంగు నాకడం మొదలుపెట్టింది. ఆమె మా వైపు తిరిగి, "మాఝా ఆహే," అంది. నాదే అని. ఆ రెండు మాటలకు మరాఠీ రావాల్సిన పని కూడా లేదు. రైతు మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆమె గడగడా చాలా చెప్పింది. మాకెవరికీ సరిగా అర్థం కాలేదు. ఎదురుగా హోటల్ నడిపే ఆయన తాను తర్జుమా చేస్తానన్నాడు. రైతు తరఫు వకీలు ఒప్పుకోలేదు, హోటలాయనకు ఈ కూలీలందరూ తెలిసినవాళ్లేనన్నాడు. జడ్జిగారు, "నిజామాబాద్ నుంచి దుబాసీని పిలిపిద్దాం. వచ్చే వాయిదాకు పద్ధతి ప్రకారం రాసుకుందాం. అప్పటిదాకా ఎద్దు రైతు దగ్గరే ఉంటుంది," అన్నారు. నేను పుస్తకం మూసేశాను.

అటెండరు ఆమె దగ్గరికి వెళ్లి చేతులతో సైగలు చేస్తూ చెప్పాడు. "అక్కా, ఎద్దును గిప్పుడు ఇడిసిపెట్టు. మల్ల రావాలె. సార్ సూసిండు గద, నీకే వస్తది."

వచ్చే వాయిదాలోపే జడ్జిగారికి బదిలీ అయింది. ఆయన జాగాలోకి ఎవరూ రాలేదు. పక్క కోర్టు జడ్జిగారు వారంలో ఒకటిరెండు రోజులు మా దగ్గరికొచ్చేవారు. ఉన్న కాస్త సమయం బెయిళ్లకే సరిపోయేది. దుబాసీ వచ్చిన రోజు జడ్జిగారు లేరు. జడ్జిగారు వచ్చిన రోజు దుబాసీకి జిల్లా కోర్టులో పని పడింది. ఆమె పొద్దున వచ్చి వరండాలో కూర్చునేది, సాయంత్రం లేచి వెళ్లేది. చెరకు ఆకులు కోసుకుపోయి ఆమె చేతుల నిండా గాట్లుండేవి.

ఒక మధ్యాహ్నం ఆ రైతు నా బల్ల దగ్గరికొచ్చాడు.

"మేడం, ఎద్దు ఆమెదే. గా దినం నేను గూడ సూసిన. నేను జెప్తె సాలదా?"

"మీ వకీలుతో మాట్లాడండి," అన్నాను.

"మాట్లాడిన. గట్లంటే దొంగ సొమ్మని ఎరికుండే కొన్నవంటరట. నన్ను గూడ కేసుల కలుపుతరట. పిల్లలున్నోన్ని, భయమైతుంది."

చెరకు కొట్టుడు అయిపోయింది. గుడిసెలు లేచిపోయాయి. ఆమె సొంతూరికి పంపిన సమన్లు తిరిగొచ్చాయి, ఇంటికి తాళం ఉందని రాసి.

మరుసటి ఏడు మాకు కొత్త జడ్జిగారు వచ్చారు. పాత ఫైళ్లన్నీ ముందు వేసుకున్నారు. కూలీలు మళ్లీ వచ్చారు, ఆమె కూడా వచ్చింది. ఆ రోజు దుబాసీ ఉన్నాడు. రైతు తన వకీలు వైపు చూడనైనా చూడకుండా చేతులు జోడించాడు.

"సార్, ఎద్దు ఆమెదే. ఇచ్చెయ్యిండ్రి. ఏమైతె గదైతది."

జడ్జిగారు ఆశ్చర్యపోయి, ఆమెకు చెప్పమని దుబాసీకి సైగ చేశారు. అతను చెప్పాడు. ఆమె నేల చూస్తూ నెమ్మదిగా ఏదో చెప్పింది. దుబాసీ మా వైపు తిరిగాడు.

"ఒక్క ఎద్దుతో బండి నడవదు గద సార్. గందుకే రెండో దాన్ని అమ్ముకున్నరంట. బండి గూడ అమ్మిండ్రట. ఇప్పుడు ట్రాక్టర్ ముఠాల పనిచేస్తున్నరు. ఎద్దును కట్టేసుకునే జాగ లేదు, మేతెయ్యనీకి లేదు. ఆయన దగ్గరనే ఉండనియ్యిండ్రి అంటుంది."

"మళ్లీ అడగండి. ఎద్దు ఆమెదేనని కోర్టు ఒప్పుకుంటోందని చెప్పండి," అన్నారు జడ్జిగారు.

అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

పిటిషనర్ తన కోరికను వదులుకుంటున్నారని జడ్జిగారు చెప్పారు, నేను ఇంగ్లీషులో రాసుకుని టైపు చేశాను. ఫైలు మూసేముందు మొదటి నుంచి తిరగేశాను. ఎద్దును ఆవరణలోకి తెచ్చినట్టు ఉంది, దుబాసీ లేనందువల్ల వాయిదా వేసినట్టు ఉంది. వేపచెట్టు కింద మేమంతా చూసింది ఎక్కడా లేదు. ఆ పూట ఒక్క పేరా రాసుకుని ఉంటే కొత్తగా వచ్చిన ఏ జడ్జిగారికైనా ఒక చూపు సరిపోయేది. ఆ జంటకు అప్పుడింకా బండి ఉంది, రెండో ఎద్దు ఉంది. రాసుకోమని చెప్పాల్సిన ఆయన మంచివాడే, పద్ధతి ప్రకారమే నడిచాడు. అందుకే ఎవరిని తప్పుపట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. బాధ మాత్రం ఉండిపోయింది.

నేను కాగితాలు తీసుకుని బయటికొచ్చేసరికి వాళ్లిద్దరూ వరండాలో ఉన్నారు. దుబాసీ వెళ్లిపోయాడు.

"ఒక్కపారి అచ్చి సూసిపో అక్కా," అంటున్నాడు రైతు. "మా ఊరు దూరం లేదు. నీ ఎద్దును మంచిగనే సూసుకుంటున్న."

ఆమెకు ఎంత అర్థమైందో గానీ తలూపింది. గేటు బయట ముఠా మేస్త్రీ గట్టిగా పిలిచాడు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని వెళ్లి ట్రాక్టరెక్కింది. రైతు గేటు దాకా వెళ్లి, ట్రాక్టరు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.