రిస్తీ వదినకు ఆలస్యంగా చేరిన కబురు

మంగళవారం సాయంత్రం అయగోజ్‌లో రిస్తీ వదిన తండ్రి సాదబెక్ చనిపోయాడు. గురువారం పొద్దున అల్మాతీలో వదినకు యూనివర్సిటీ చివరి నోటి పరీక్ష. మధ్యలో బుధవారం ఉంది. ఆ రోజు చైనా సరిహద్దు దగ్గర జార్కెంత్‌లోని మా ఇంట్లో పెద్దవాళ్లందరికీ సంగతి తెలుసు. వదినకు తెలియదు. నాకూ తెలియదు. మా ఇంట్లో పెళ్లికాని వాణ్ని మనుషుల్లో లెక్కవేయరు.

వదిన రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. సాదబెక్ జీవితమంతా రైలుపెట్టెకు రైలుపెట్టె తగిలించాడు. ఆ పనిలోనే రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు కూతుర్ని భుజాన కూర్చోబెట్టుకుని, వెళ్లే ప్రతి గూడ్సునూ చూపించి, "ఇందులో ఏముంది? ఎక్కడికి పోతోంది?" అని అడిగేవాడట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే చివరికి ఆమె ఉద్యోగం అయింది. చైనా పట్టాల వెడల్పు వేరు, మా పట్టాల వెడల్పు వేరు. అటు రైలు ఇటు రాదు. సరిహద్దు యార్డులో క్రేన్లు కంటైనర్లను ఆ రైలు మీంచి ఈ రైలు మీదికి ఎత్తుతాయి. ఏ కంటైనర్ ఏ రైలెక్కాలో కంట్రోల్ రూములో కూర్చుని వదిన చెబుతుంది. డిగ్రీ తెచ్చుకుంటాననే షరతు మీద ఇచ్చిన ఉద్యోగమది. అందుకే దూరవిద్యలో లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్ చదివింది. కిందటేడు కాన్పు వల్ల పరీక్ష పోయింది. ఈసారీ పోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

పక్కన కూర్చుని చదివించింది నేనే. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసి అదే యార్డులో బరువులు మోస్తున్నాను. చదివినదంతా సొంతంగా చదివినదే, దానికి ఎవడూ పట్టా ఇవ్వడు. మా కోడళ్లు అత్తింటి మగవాళ్లను పేరు పెట్టి పిలవరు. అందుకని వదిన నాకు మేధావి అని పేరు పెట్టింది. సగం ప్రేమ, సగం ఎగతాళి.

ఆమె పిండి పిసుకుతుంటే నేను పుస్తకం పట్టుకుని అడిగేవాణ్ని.

"సేఫ్టీ స్టాక్ అంటే?"

"అత్తయ్య పిండి బస్తాలు."

"సరిగ్గా చెప్పు వదినా."

"సరిగ్గానే చెప్పాను మేధావీ. మంచుకి దారి మూసుకుపోయినా పొయ్యి ఆరకుండా పక్కన పెట్టుకునే సరుకు. ఎంత పెట్టుకోవాలో లెక్క కూడా చెప్పనా?"

గుమ్మం దగ్గర ఉన్ని ఏరుతున్న అమ్మ తలెత్తింది. "నా బస్తాల జోలికి రాకండి. మూడుంటేనే అది ఇల్లు. రెండుంటే బస్టాండు."

"ఇదే చెప్పేస్తాను అత్తయ్యా. మార్కులన్నీ మనవే."

"చెప్పు చెప్పు. నా పేరు కూడా చెప్పు."

సోమవారం అమ్మ వదిన ఫోన్ తీసేసుకుంది. "పరీక్ష అయ్యేదాకా ఇది నా దగ్గరే. పొద్దస్తమానం దాన్ని గీకుతుంటే ఏం ఎక్కుతుంది బుర్రకి?"

"నాన్న చేస్తాడు అత్తయ్యా."

"చేస్తే ఇస్తాలే."

ఆ సాయంత్రం ఆయన చేశాడు. చెవుడు వల్ల అరిచి మాట్లాడేవాడు. మాకందరికీ వినబడింది.

"ఏం చదివావు ఇవాళ?"

"పట్టాలు మారే చోటు గురించి నాన్నా."

"అది నాకు తెలుసు. నాకు తెలీనిది చెప్పు."

"నీకు తెలీనిది పరీక్షలో రాదులే!"

ఆయన నవ్వు దగ్గులో కలిసిపోయింది. ఆమె విన్న చివరి గొంతు అదే.

మంగళవారం ఆమె తమ్ముడు సెర్జాన్ చేసినప్పుడు ఫోన్ అమ్మ చేతిలో ఉంది. మాలో చావు కబురు ఫోన్లో చెప్పరు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు అత్తింటి పెద్దలు చెప్పాలి. కూర్చోబెట్టి, ఎక్కడో దూరం నుంచి మొదలుపెట్టి, మెల్లగా దగ్గరికి తెచ్చి, ఆమె కూలిపోయేటప్పుడు పట్టుకోవాలి. అందుకే సెర్జాన్ ఆ భారం అమ్మ మీద పెట్టాడు. అమ్మ మా కుటుంబానికి పెద్దయిన ఒరాజ్ పెదనాన్న దగ్గరికి పరిగెత్తింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తర్వాత అమ్మే నాకు చెప్పింది.

"ఇప్పుడు చెబితే పరీక్ష పోతుంది, ఉద్యోగం పోతుంది. మనిషి ఎలాగూ పోయాడు," అన్నాడట పెదనాన్న. "ఆయన బతికుండగా ఎదురుచూసింది ఆ పట్టా కోసమే కదా. ముగించుకుని రానీ. అప్పుడు చెబుదాం."

అమ్మ సెర్జాన్‌తో, "పరీక్ష కాగానే బయల్దేరుతుంది," అని చెప్పింది. అక్కకు చెప్పేశారనే ఆ మాటను అతను అర్థం చేసుకున్నాడు.

బుధవారం పొద్దున్నే అమ్మ నూనెలో ఏడు పల్చటి రొట్టెలు వేయించింది. అవి పోయినవాళ్ల పేరున వేయించేవి. మామూలుగా శుక్రవారం చేస్తారు.

"ఇవాళ బుధవారం కదా అత్తయ్యా, ఎవరి కోసం?" అంది వదిన.

"నీ పరీక్ష బాగా జరగాలని. తాతలూ తండ్రులూ చల్లగా చూస్తారు. తిని రెండు చేతులూ పట్టు."

వదిన ఒక రొట్టె తింది. ప్రార్థనకు చేతులు పట్టి, అరచేతులతో ముఖం తుడుచుకుంది. "భలే కుదిరాయి," అని ఇంకోటి దారికి చుట్టి ఇమ్మంది. అమ్మ అటు తిరిగి పొయ్యి సర్దుతూ ఉండిపోయింది. పొగ వల్ల కళ్లు ఎర్రబడ్డాయనుకున్నాను.

అన్న పనిమీద దూరాన ఉన్నాడు, అందుకని బిడ్డను అమ్మ దగ్గర వదిలి ఆ మధ్యాహ్నం నేనే వదినను కారులో అల్మాతీకి తీసుకెళ్లాను. దారి పొడుగునా పాఠాలు అప్పజెప్పింది.

"నాన్న నిన్న చేశాడో లేదో," అంది ఒకచోట.

"నా ఫోన్ తీసుకో."

"వద్దులే. రేపే చేస్తా, ప్యాసయ్యానని. శుభవార్తకి కానుక గుంజకుండా వదిలిపెట్టను ముసలాణ్ని."

గురువారం ఆమె లోపలికి వెళ్లాక నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు అమ్మ ఫోన్ చేసింది. తనూ పెదనాన్నా పెద్దమ్మా బిడ్డను తీసుకుని అల్మాతీ చేరారనీ, మా చుట్టాలింట్లో ఉన్నారనీ, వదినను అక్కడికి తెమ్మనీ చెప్పింది. ఎందుకో చెప్పింది.

"రెండ్రోజులు దాచారా?" అన్నాను.

"అరవకు. నువ్వేం చెప్పకు. చెప్పే వయసు కాదు నీది."

వదిన మెట్లు రెండేసి దూకుతూ వచ్చింది.

"పట్టాలు మారే చోటే పడింది నేను తీసిన ప్రశ్న చీటీలో! మేష్టారు మధ్యలో ఆపి, 'అమ్మాయ్, నువ్వక్కడే పనిచేస్తావా ఏంటి' అన్నాడు. గట్టెక్కేశాను మేధావీ! ఫోనివ్వు, తొందరగా ఇవ్వు, నాన్నకి చెప్పాలి."

"వదినా, పెదనాన్న వచ్చాడు. అమ్మా పెద్దమ్మా కూడా. చుట్టాలింట్లో ఉన్నారు."

"ఎందుకూ?"

నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. మోకాళ్లు పట్టేసిన ముసలాయన కోడలు ప్యాసయిందని అంతదూరం రాడు.

"ముగ్గురూ వచ్చారా?"

తలూపాను.

"నాన్నేనా?" అంది.

చుట్టాలింట్లో పెదనాన్న ఆచారం ప్రకారం, పుట్టిన ప్రతివాడూ పోక తప్పదంటూ దూరం నుంచి మొదలుపెట్టబోయాడు. వదిన కూర్చోలేదు.

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం తల్లీ."

"మట్టి?"

"ఈపాటికి అయిపోయుంటుంది."

అప్పజెప్పేటప్పటి గొంతుతోనే అంది: "మొన్న సాయంత్రం కారెక్కితే నిన్న పొద్దుటికి చేరేదాన్ని. నిన్న అల్మాతీ రాకుండా అటు వెళ్లినా రాత్రికి ఆయన పక్కన కూర్చునేదాన్ని."

"నీ మంచికే చేశాం తల్లీ," అని అమ్మ చేతులు చాచింది. వదిన ఆ చేతుల్లోనే పడింది. పడటానికి ఇంకో చోటు లేదు.

శుక్రవారం పొద్దున అయగోజ్ చేరాం. అమ్మావాళ్లు వెనక కారులో ఉన్నారు. కూతురు గేటు నుంచే శోకం ఎత్తుకోవాలి. వదిన నోరు తెరిచింది, గొంతు రాలేదు. జనం చాలావరకు వెళ్లిపోయారు. వాకిట్లో పెద్ద గుండిగలు బోర్లించి ఉన్నాయి. సెర్జాన్ వచ్చి కౌగిలించుకున్నాడు.

"నాన్నను బుధవారమే మట్టికి తీసుకెళ్లాల్సింది అక్కా. నువ్వొస్తావేమోనని నిన్న మధ్యాహ్నం దాకా ఆపాం. ఇంకా ఆపితే ఊరంతా తిట్టేది."

వాళ్ల పిన్ని గుమ్మంలోంచే అందుకుంది. "రా తల్లీ, రా. చదువుకున్నదానివి. తండ్రి ముఖం ఎప్పుడైనా చూడొచ్చు, పరీక్ష మళ్లీ రాదుగా."

నాకు ఒళ్లు మండింది. "పిన్నిగారూ, అసలు ఈమెకి..." అన్నాను. వదిన నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేలా. వెనక అప్పుడే ఆగిన కారులోంచి మా అమ్మ దిగుతోంది.

"పరీక్ష ఉండింది పిన్నీ," అంది వదిన. "నేనే ఆగాను."

సెర్జాన్ చేతులు ఆమె భుజాల మీంచి జారిపోయాయి. ఆమె లోపలికి వెళ్లి, మాలో శోకించే ఆడవాళ్లు కూర్చునే తీరున గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు వచ్చింది గొంతు. తండ్రి భుజాన్ని పాడింది, పోయిన రెండు వేళ్లను పాడింది, దగ్గులో కలిసిన నవ్వును పాడింది. పట్టా కోసం తండ్రిని ఆపిన పాపిష్ఠి కూతురినని పాడింది. శోకంలో కూతురు తన నోటితో తన గురించి చెప్పుకున్న మాటను మాలో ఎవరూ దిద్దరు. పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంటూ తలాడించింది. మా అమ్మ వెళ్లి వదిన పక్కనే కూర్చుని, తనూ గోడవైపు తిరిగింది.