బావ ముక్కుమందు

ఆ రోజుల్లో బి.ఎస్సీ. ప్యాసయితే లోకం మన మాట వింటుందనుకునేవాణ్ని. లోకం దాకా ఎందుకు, బోధన్‌లో మా అక్క మొగుడే వినలేదు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తా. ఒకనాడు బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. గాయం మానింది గానీ దాహం పట్టుకుంది. బిందెడు నీళ్లు తాగడం, బయటికి పరుగెత్తడం, మళ్లీ బిందె. నిద్ర లేక మనిషి సగమయ్యాడు. "శక్కర రోగమే" అని వాళ్లమ్మ తేల్చేసి ముందు బెల్లం దాచింది, తర్వాత నీళ్లూ దాచబోయింది. (నీళ్లాపితే ప్రాణానికే ముప్పని ఆమెకు చెప్పేసరికి నా గొంతెండింది.)

హైదరాబాద్ డాక్టరు అసలు సంగతి చెప్పాడు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంటుంది. అందులోంచి వచ్చే హార్మోను నీళ్లు పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెబుతుంది. దెబ్బకు అది రావడం మానేసింది. ఒంట్లో ఉప్పు ఉండిపోయి నీళ్లు మాత్రం పోతున్నాయి. ఆ హార్మోను మింగితే కడుపులోనే అరిగిపోతుంది కనక, పొడిగా ముక్కుతో పీల్చాలట. నెలకు సరిపడా చిన్న డబ్బీ ఇచ్చాడు.

వారానికే అయిపోవచ్చింది. ఒళ్లుమండి కాంటా దగ్గరికి పోయి చూద్దును కదా, బావ డబ్బీ మూత తీసి వరుసలో ఉన్న బండ్లవాళ్లందరికీ పెడుతున్నాడు. మా వైపు ముక్కుపొడి డబ్బీ తీస్తే పక్కవాడికి పెట్టకుండా మూయరు మరి. రెంజల్ నుంచి వచ్చిన ముసలాయన, "ఘాటు లేదు గని సాబ్, పొద్దటిసంది ఒంటికి పోబుద్దయితలేదు" అని మెచ్చుకుంటున్నాడు.

"బావా, గది మందు. నీకు చెప్పిన గద" అన్నాను పళ్లు కొరుకుతూ.

"మందని చెప్తె ఇంకింతమంది వస్తున్రు బామ్మర్ది. హైదరాబాద్ మందాయె."

నానా తిప్పలు పడి రెండో డబ్బీ తెచ్చాను. ఇక ఇంట్లోనే, తలుపేసుకుని పీల్చాలని అక్క ఒట్టు వేయించుకుంది. కొన్నాళ్లకు పోయి చూస్తే డబ్బీ మూత కూడా తియ్యలేదు. బావ పెదవులు పగిలి మంచంలో ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "తలుపేసుకొని దొంగలెక్క ఒక్కన్నే పీల్చుడు నాతోని కాదుర. గంతకన్న నీళ్లే తాగుత" అన్నాడు.

ఇంక ఏ శాస్త్రం చెప్పను? వాళ్లమ్మ దగ్గర మామూలు ముక్కుపొడి ఇంత అడుక్కొచ్చి పక్కన కూర్చున్నాను. నా డబ్బీలోంచి నేను చిటికెడు తీస్తే, తృప్తిగా తన డబ్బీలోంచి ఆయనా తీశాడు. ఆ చలికాలమంతా పూటపూటా ఇదే పని. బావకు దాహం తగ్గింది, ఒళ్లు పట్టింది. హార్మోన్ల మీద ఊరికంతా పాఠం చెబుదామనుకున్న ఆ పట్టభద్రుణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తలుపు మూసిన గదిలో, బావకు తోడుగా, కళ్లనీళ్లు కారుస్తూ తుమ్ముతూ ఉంటాడు పాపం.