పెద్దమ్మ కొలిచిన డిక్కీ

మా పెద్దమ్మ బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. పెదనాన్న ఇళ్ళకు రంగులు వేసేవాడు. పరంజా మీంచి జారిపడ్డాక చక్రాల కుర్చీయే ఆయనకు కాళ్ళు. ఆటోవాళ్ళు ఆ కుర్చీని చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోతారు. ఆగినవాడు "కుర్చీ పట్టదండీ" అని తప్పించుకుంటాడు. వీళ్ళ దుంపతెగ! ఆయన గడప దాటడమే మానేశాడు. కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటి గోడకు తాను వేసిన రంగు వెలిసిపోతుంటే చూస్తూ పొద్దుపుచ్చుతున్నాడు.

ఆయన్ని బయట తిప్పడానికి పాత కారు కొనాలని పెద్దమ్మ పట్టుబట్టింది. డబ్బు ఆమె మిషను తొక్కి కూడబెట్టింది. కారు ఎంచే పెత్తనం మాత్రం ఆమె అల్లుడిది. ఎవరిచ్చారంటే ఎవరూ చెప్పలేరు. ఎప్పుడో ఒక ఫ్యాను బాగుచేశాడని మా బావను ఇంట్లో అందరూ ఇంజనీరు అంటారు. చేసేది బట్టలకొట్టులో గుమాస్తా పని. ఆయన తానా అంటే మావాళ్ళంతా తందానా. ఇంటి అల్లుడికి ఎదురు చెప్పకూడదట!

"డిక్కీలో కుర్చీ పట్టాలి బాబూ" అని పెద్దమ్మ చెప్పింది. మళ్ళీ చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాత కార్లు అమ్మే ఏ షెడ్డుకు వెళ్ళినా ఆమె అడిగినదానికి బ్రోకరు బావ వైపు తిరిగి జవాబు చెప్పేవాడు. బావ టైర్లను తన్ని, బానెట్ ఎత్తి "ఊఁ" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి బావ ఒక్కడే వెళ్ళి ఒక ఎర్రకారుకు మాటిచ్చి వచ్చాడు.

"గ్యాసు బండి అత్తయ్యా! ఖర్చు సగానికి సగం!"

మర్నాడు పెద్దమ్మ పెదనాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, గతుకుల రోడ్డు మీద తానే తోసుకుంటూ షెడ్డుకు బయలుదేరింది. వెనకే బావా, నేనూ.

"డిక్కీ తెరవండి" అంది.

తెరిచారు. లోపల గ్యాసు సిలిండరు దర్జాగా పడుకుని ఉంది. పక్కన సంచీ పెట్టడానికి కూడా చోటు లేదు.

బ్రోకరు తల గోక్కున్నాడు. బావ మాత్రం తగ్గలేదు.

"కుర్చీ ఎందుకత్తయ్యా? ఇంట్లోనే ఉంచేద్దాం. మావయ్యగారిని ఎత్తి కార్లో పెడతాం, వెళ్ళినచోట ఎత్తి దించుతాం."

"దించి ఎక్కడ పెడతారు? నేల మీదా?" అన్నాడు పెదనాన్న.

ఇన్నాళ్ళూ ఆయన్ని ఒక్క మాటైనా అడగలేదని అప్పుడు తట్టింది నాకు. సిగ్గేసింది.

పెద్దమ్మ మెడలోంచి టేపు తీసి, షెడ్డులో ఉన్న డిక్కీలన్నీ తెరిపించింది. నవ్వబోయిన బ్రోకరు చేతికి టేపు కొస ఇచ్చి, "గట్టిగా పట్టుకో" అంది. మూలన రంగు వెలిసిన పొడుగాటి కారొకటి ఉంది. "రేకుడబ్బా" అని బావ ఎప్పుడో వెక్కిరించిన కారు. పెదనాన్నను దాని ముందు సీట్లో కూర్చోబెట్టి, కుర్చీని మడిచి పెడితే డిక్కీలో హాయిగా ఇమిడిపోయింది. ధర కూడా పెద్దమ్మ చేతిలో ఉన్నదానికి సరిపోయింది.

కారు ఇంటికొచ్చిన రోజు స్టీరింగు దగ్గర నేను కూర్చున్నాను. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మం ముందు కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. బావ అలవాటుగా ముందు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు.

"దిగండి అల్లుడుగారూ. అది ఆయన సీటు" అంది పెద్దమ్మ.

"వెనక ఇరుగ్గా ఉంటుంది కదత్తయ్యా."

"మీకు కాళ్ళున్నాయిగా. ఇరుకైతే నడిచి రండి."