ఫ్రెంచి దొర, మా అరెకరం

లైబ్రరీలో ఒక పుస్తకం పూర్తి చేస్తే చాలు, ఊరికి సగం పెద్దమనిషినైపోయానని నమ్మిన వయసు నాది ఆ రోజుల్లో. (రెండోది పూర్తి చేస్తే మిగతా సగానికీ.) గార్లదిన్నె లైబ్రరీలో అట్ట ఊడిన ఒక పుస్తకంలో దొరికాడు నా ఫ్రెంచి దొర. కొన్ని వందల ఏళ్ల కిందట, దేశమంతా మతాల పేరుతో కొట్టుకుంటుంటే, ఆయన మాత్రం తన పొలంలో కొత్త పంటలు వేసి చూశాడట. పట్టు కోసం సొమ్మంతా పరాయి దేశాలకు పోతోంది, పట్టుపురుగులు తినే మల్బరీ నాటండి అన్నాడట. చివరికి రాజుగారి తోటలోనే నాటించి, సేద్యం మీద లావుపాటి గ్రంథం రాశాడట. ధర్మవరం పట్టు మగ్గాలకు ఇంత దగ్గర ఉండి మనమెందుకు వేరుశనగనే పట్టుకు వేలాడాలని నాయనతో పోట్లాడి, బోరు పక్కన అరెకరంలో మల్బరీ నాటాను.

ఆకు బాగా వచ్చింది. ఎండాకాలంలో నేను చుట్టాల పెళ్లికని కొత్తచెరువు పోయినప్పుడు నాయన ఎరువు కోసం చేనిలో గొర్రెల మందను నిలిపించాడు. మా వైపు ఏటా ఉన్న ఆనవాయితే అది. కాపరికి మనం అన్నం పెడతాం, గొర్రెలు పొలానికి ఎరువు పెడతాయి. ఈసారి గొర్రెలకూ విందు దొరికింది. తిరిగొచ్చి చూస్తే అరెకరమంతా మొండి పుల్లలు.

"ఏమప్పా, మీ దొర ఊర్లో గొర్రెలు లేవా?" అని అడిగాడు కాపరి మామ.

"ఉండాయి మామా. ఆయప్ప కంచె ఏసినాడు." (కంచె సంగతి పుస్తకంలో లేదు. అప్పటికప్పుడు నేనే వేశాను.)

ఎండలకు బోరు కూడా చేతులెత్తేసింది. తొలి వానకు చిగురు రాకపోతే ఆ అరెకరం కూడా వేరుశనగకేనని (మా వైపు చెనిక్కాయంటాం) నాయన తేల్చేశాడు. కోసిన మల్బరీ మళ్లీ చిగురిస్తుందని పుస్తకంలో ఉందని వాదించాను.

"ఆడ కోసింది మనుషులురా, గొర్రెలు కాదు" అన్నాడు.

వాన పడింది. మర్నాడే నాయన ఎద్దులకు నాగలి కట్టి తెచ్చాడు. పుల్లల మీద చిగురన్నదే లేదు. నేను చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాను. ఎద్దులు నన్ను చూసి ఆగాయి, నాయన ఎద్దుల్ని చూసి ఆగాడు.

"చెనిక్కాయ మొలిచేదానికి వారం ఇస్తావు నాయనా. దీనికి ఒక్క దినమేనా?"

గట్టు మీద చేరినవాళ్లంతా నవ్వారు. నాయన నవ్వలేదు. "మొండెదవ" అంటూ ఎద్దుల్ని పక్క చేనికి తిప్పాడు. ఆ వారంలోనే చిగురొచ్చింది. ఒకేసారి కాదు, అక్కడొకటి, ఇక్కడొకటి, ఊర్లో నా పరువులాగే.

ఆ మల్బరీతో మేడలేమీ కట్టలేదు. పట్టుపురుగులు నన్ను నవ్వించినంత ఏడిపించాయి కూడా. అయినా ఆ అరెకరాన్ని ఎవరైనా దున్నేస్తామంటే ట్రాక్టరుకు అడ్డంగా ఇప్పటికీ నేనే నిలబడతాను. కాకపోతే, మోకాళ్లు ఒప్పుకోవు కాబట్టి, కుర్చీ వేసుకుంటాను.