ఖలీల్ సాబ్ కొట్టేసిన ఉపవాక్యాలు

మొన్న వనపర్తి నుంచి హైదరాబాదు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీసి, ఒక లవంగం దవడన పెట్టుకున్నాడు. ఆ వాసన తగలగానే చదువుతున్న పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. పంటినొప్పికి లవంగం నమలడం ఎంతోమందికి ఉన్న అలవాటే. నాకు మాత్రం ఆ వాసనతో ఖలీల్ సాబ్ గుర్తుకొస్తారు; ఆయన దవడన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. నాగర్‌కర్నూలు బడిలో ఆయన నాకు ఇంగ్లీషు చెప్పారు. జడ్చర్ల దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను కానీ, బయట ఏ ఊళ్లు వచ్చాయో, ఏవి పోయాయో తెలియలేదు.

మాది తిమ్మాజిపేట దగ్గర మెట్ట వ్యవసాయం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఆ రెండింటి మీదా ఇంగ్లీషు. నిజాం కాలంలో, ముప్పైల చివర, మా వైపు పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణమంటే తేలుకుట్టినంత భయం. ఖలీల్ సాబ్ సన్నగా, కొంచెం వంగి ఉండేవారు. మోచేతుల దగ్గర వెలిసిపోయిన నల్ల షేర్వాణీ ఒకటే ఆయన మీద చూశాను. తరగతిలో ఉర్దూలోనే చెప్పాలన్నది నియమం. వ్యాకరణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన తలుపు దగ్గరగా వేసి, మా తెలుగులోకి దిగేవారు. ఆయనా పాలమూరు మట్టిలో పుట్టినవారే.

"'గుట్ట మీద' అన్న. మీకేమన్న తెలిసిందా?" అని అడిగారు ఒకరోజు.

"గుట్ట మీద ఏముందో తెల్వలేదు సార్," అన్నాను నేను.

"తెల్వదు. గందుకే గది ఫ్రేజు. 'గుట్ట మీద మేకలు మేస్తున్నయి' అంటే? చేసేటివి ఉన్నయి, చేసే పని ఉంది. గది క్లాజు."

వాక్యాల్లో రకాలు చెప్పడానికి ఆయన ఇళ్ల బొమ్మలు గీశారు. ఒంటరిగా నిలబడ్డ ఇల్లు సామాన్య వాక్యం. మధ్యగోడ ఒకటే అయినా, దేని తలుపు దానికే ఉన్న జోడు ఇళ్లు సంయుక్త వాక్యం. ప్రధాన వాక్యమనే పెద్ద ఇంటి గోడకు ఆనించి దించిన వాలుకప్పు సాయబాను సంశ్లిష్ట వాక్యంలోని ఉపవాక్యం. గోడ ఉన్నంతసేపే సాయబాను నిలుస్తుంది. "ముందు గోడ యాడుందో చూడున్రి. మిగతాది తర్వాత," అనేవారు. ఎంత పొడుగు వాక్యమిచ్చినా నేను గోడ పట్టుకోగలిగేవాణ్ని. తరగతిలో నాకంటే ముందు ఎవరూ చేయి ఎత్తేవారు కాదు. నాకు చదువు వచ్చేసిందన్న గర్వం అక్కడే మొదలైంది.

ఇంకో రోజు బోర్డు మీద రెండు ఇంగ్లీషు వాక్యాలు రాశారు. వనపర్తిలో చదువుతున్న నా తమ్ముళ్లు రేపు వస్తారని రెండింటి అర్థం. మాటలన్నీ అవే. ఒకదానిలో ఉపవాక్యానికి అటూ ఇటూ కామాలు ఉన్నాయి, రెండో దానిలో లేవు.

"కామాలు పెడ్తే నా తమ్ముళ్లంత వనపర్తిలనే ఉన్నరు, అందరు వస్తరు. తీసేస్తే కొందరే ఆడ చదువుతున్నరు, గాళ్లే వస్తరు," అన్నారు. "మన తెలుగుల గిది పైకి కనబడదు. ఇనేటోడే అడిగి అర్సుకోవాలె. ఇంగ్లీషుల రాసేటోడు తేల్చి చెప్పాలె. అందరా, కొందరా అని."

నేను దాన్ని నోటుపుస్తకంలో అందంగా రాసుకున్నాను. పరీక్షలో సరిగానే రాశాను. నిజం చెప్పాలంటే నాకు ఆ తేడా మీద కంటే కామాల మీదే ఎక్కువ మోజు. అవి ఉన్న వాక్యం గొప్పవాళ్లు రాసినట్టు కనిపించేది.

మెట్రిక్ గట్టెక్కాక నాకు ఒక కచేరీలో తర్జుమా గుమాస్తాగా నౌకరి దొరికింది. ఏ కచేరీ అన్నది రాయను, ఎందుకంటే జరిగిన తప్పు దానిది కాదు. పైన ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. ఆయనకు తెలుగు రాదు. కింది నుంచి వచ్చిన తెలుగు కాగితాలను ఇంగ్లీషులో కుదించి ఆయన బల్ల మీద పెట్టడం నా పని. మా నాయిన ఊళ్లో కనపడ్డ ప్రతివాడికీ ఆ సంగతి చెప్పేవాడు. ఇరవై ఏళ్ల వయసులో ఇస్త్రీ చొక్కా వేసుకుని దొర గది ముందు నుంచి నడుస్తుంటే నా కాళ్లు నేల మీద ఉండేవి కావు.

రెండో ఏడు, వానలకు ముందు, అడవి చౌకీదారు ఒకడి వాంగ్మూలం వచ్చింది. కొల్లాపురం వైపు ఒక చిన్న పల్లెలో పశువులను బందెలదొడ్డికి తోలుతుంటే తనను కొట్టారని అతని ఫిర్యాదు. కొట్టినవాళ్లు ముగ్గురు, మిగతా మగవాళ్లు గుమిగూడి చూశారు అని రెండు తావుల నిండా ఉంది. నాలుగు వరుసల్లో కుదించమని పెద్ద గుమాస్తా చెప్పాడు. ముగ్గురన్న లెక్క వదిలేసి, చివరి వరుసలో చౌకీదారును కొట్టిన పల్లెవాళ్లను పట్టుకోవాలని రాశాను. 'కొట్టిన' అన్న ఇంగ్లీషు ఉపవాక్యానికి అటొక కామా, ఇటొక కామా పెట్టాను. కాగితాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి చూసుకుని మురిసిపోయాను కూడా. దొర దాన్ని చదివాడు. పల్లెవాళ్లను, అంటే పల్లెలోని మగవాళ్లందరినీ పట్టుకోమని హుకుం రాశాడు. పద్నాలుగు మందిని ఠాణాలో పెట్టారు. దొర గట్టివాడు, చూసినవాళ్లనూ వదల్లేదు కాబోలు అనుకున్నానే తప్ప, నేను రాసింది ఒకసారి తీసి చూడాలని నాకు తోచలేదు.

వారం తర్వాత, పొద్దున్నే నా గది ముందు ఖలీల్ సాబ్ నిలబడి ఉన్నారు. ఆయన పక్కన నడివయసు ఆడమనిషి. పేరు ఈదమ్మ. ఆమె భర్త, కొడుకు ఇద్దరూ లోపలున్నారు. ఆ ఇద్దరిలో ఎవరూ చౌకీదారు మీద చేయి వేయలేదు. పటేలు దగ్గరున్న హుకుం నకలు అడిగి తీసుకుని, అందులో ఏముందో చెప్పేవాళ్లు దొరక్క, ఇంగ్లీషు చదివే సారు ఉన్నాడని ఎవరో చెబితే బడికి వెతుక్కుంటూ వచ్చింది. ఆ నకలు మీద నా నాలుగు వరుసలూ ఉన్నాయి.

ఖలీల్ సాబ్ ఆమెను అరుగు మీద కూర్చోమని, లోపలికి వచ్చి కాగితం నా ముందు పెట్టారు.

"ఈ కామాలు నువ్వు పెట్టినవా?"

"పెట్టిన సార్."

"తెలుగు కాగితంల ఎంతమంది కొట్టిండ్రని ఉంది?"

"ముగ్గురని."

ఆయన కాగితం నా వైపు జరిపారు. నేను ఆ వరుసను మళ్లీ చదివాను. అప్పుడు అర్థమైంది. ఎందుకు పెట్టావని ఆయన అడుగుతారేమో అనుకున్నాను. అడగకపోయినా నేనే, "చదవనీకి బాగుంటదని పెట్టిన సార్," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యం వేసింది.

"దొరకు చెప్పాలె," అన్నారు.

"చెప్తే నా నౌకరి పోతది సార్."

"పోతది," అన్నారు ఆయన. కోపంగా కాదు, ఎగతాళిగా కాదు. "నీకు చదువు చెప్పింది నేను. నేను గూడ వస్త," అన్నారు.

దొరకు ఇవ్వడానికి కాగితం రాయమన్నారు. రాశాను. తర్జుమాలో పొరపాటు జరిగిందని మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గరే ఆయన వేలు ఆగింది.

"ఇందుల పొరపాటు చేసినోడు యాడున్నడు?"

నేను ఆ వాక్యంలో వెతికాను.

"జరిగింది అంటివి. అదంతల అదే జరిగిందా? చేసినోడు లేని వాక్యం రాస్తివి."

మళ్లీ రాశాను. ఆ రోజుల్లో పని ఎక్కువగా ఉన్నందువల్ల, నాలుగు వరుసల్లో కుదించమని చెప్పినందువల్ల, నాకు అనుభవం తక్కువైనందువల్ల, నేను ఆ వాక్యాన్ని తప్పుగా తర్జుమా చేశాను అని రాశాను. వ్యాకరణం ప్రకారం అందులో ఒక్క దోషం లేదు. ఖలీల్ సాబ్ నా చేతిలోంచి కలం తీసుకుని, మొదటి ఉపవాక్యాన్ని కొట్టేశారు. తర్వాత రెండోది, ఆపై మూడోది. చివరికి కాగితం మీద మిగిలింది ఒక్క ప్రధాన వాక్యం. నేను ఆ వాక్యాన్ని తప్పుగా తర్జుమా చేశాను.

"గిది నిలబడుతదా లేదా?"

"నిలబడుతది సార్."

"మరి దీనికి సాయబానులు ఎందుకు?"

దాని కింద సరైన తర్జుమా రాసి, మేమిద్దరం కచేరీకి నడిచాం. పెద్ద గుమాస్తా మంచివాడే. నన్ను పక్కకు పిలిచి, సిరా చుక్కలు పడి కామాల్లాగా కనిపించాయని చెబితే సరిపోతుంది కదా అన్నాడు. నా మనసు ఒక్క క్షణం అటు మొగ్గింది. వెనక్కి తిరిగి చూస్తే ఖలీల్ సాబ్ బెంచీ మీద కూర్చుని, గోడ వైపు చూస్తున్నారు. నా వైపు చూడలేదు. నన్ను ఆయన ఒక్క మాటతో ఆపి ఉండవచ్చు. ఆపలేదు. నేనే లోపలికి వెళ్లి కాగితం దొర చేతికిచ్చాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మూడు రోజులకు పదకొండు మందిని వదిలేశారు. మరునాడు నన్ను పనిలోంచి తీసేశారు.

నౌకరి పోయిందని మా నాయినకు చెప్పిన రోజు గురించి ఇక్కడ రాయను. కథ అక్కడితో అయిపోయిందని మాత్రం అనుకున్నాను. ఖలీల్ సాబ్ అనుకోలేదు.

"పల్లెకు పోవాలె," అన్నారు.

"అందరు ఇంటికి వచ్చిండ్రు గద సార్."

"వచ్చిండ్రు. ఎవరి వల్ల పోయిండ్రో వాళ్లకు తెల్వదు."

శుక్రవారం బడికి సెలవు. ఇద్దరం సగం దూరం బండి మీద, సగం నడిచి పల్లె చేరాం. చేండ్లన్నీ విత్తు పడక బోసిగా ఉన్నాయి. మెట్ట రైతు బిడ్డకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. వాళ్లు ఠాణాలో ఉన్న రోజుల్లోనే మృగశిర కార్తెలో వచ్చే మిరుగం వాన కురిసింది. విత్తడానికి పనికొచ్చే తడి, పదును, రెండు మూడు రోజులకు మించి నిలవదు. గొర్రు పట్టే మగవాళ్లు లేక పల్లె మొత్తం ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత వాన రాలేదు. వదిలిపెట్టిన పదకొండు మందీ పగుళ్లు తేలిన నేల చూస్తూ కూర్చుని ఉన్నారు.

ఈదమ్మ ఇంటి ముందు నలుగురూ చేరాక చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చినవన్నీ మరిచిపోయి, "ఆ కాగితం నేను తప్పు రాసిన," అన్నాను.

ఒక ముసలాయన, "గీత తప్పు పడితే గింతమంది లోపల పడ్తరా?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"పడ్తరు," అన్నాను.

ఈదమ్మ నా వైపు చూసింది. "చెప్పనీకి వచ్చినవ్, మంచిదే. నువ్వు చెప్తే పోయిన పదును వస్తదా?"

ఖలీల్ సాబ్ నన్ను ఆదుకోలేదు. ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఇక లేద్దామనుకుంటుంటే, గుడ్డ మూట ఒకటి తెచ్చి నా ముందు దింపింది. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి చేరిన కాగితాలు. నోటీసులు, రసీదులు, ఎవరో వేలిముద్ర వేయించుకున్న పత్రాలు. "ఇవి ఏందో చెప్పు," అంది. పొద్దు వాలేదాకా ఒక్కొక్కటే చదివి, తెలుగులో చెప్పాను. పక్కింటివాళ్లు వాళ్ల కాగితాలు తెచ్చారు. ఆ ఏడాదంతా వారానికొకసారి ఆ పల్లెకు పోయాను. మిగిలిన ముగ్గురి కోసం దరఖాస్తులు రాశాను. శిక్ష ముగిసి వాళ్లూ ఇంటికి వచ్చారు. ఈదమ్మ నాకు ఎప్పుడూ మంచినీళ్లు ఇచ్చేది. నన్ను క్షమించానని మాత్రం ఏనాడూ అనలేదు. ఆమె అనవలసిన పనీ లేదు.

ఆ తర్వాత ఖలీల్ సాబ్‌ను గద్వాలకు బదిలీ చేశారు. నేనూ ఒక బడిలో పంతులునయ్యాను. నాలుగైదేళ్లకు ఆయనకు బాగా లేదని కబురు తెలిసి వెళ్లాను. మంచంలో ఉన్నారు. మాట మెల్లగా వస్తోంది. బడిలో నేనేమి చెబుతున్నానో అడిగారు. పిల్లలకు ఉపవాక్యాలు చెబుతున్నానన్నాను. ఆయన, "బాలయ్యా, నీకు ఆ పాఠం నేను సరిగ చెప్పలేదు," అన్నారు.

"అట్ల కాదు సార్, మీరు చెప్పిండ్రు, నేనే..."

ఆయన చేయి ఎత్తి ఆపారు. ఆ వాక్యానికి నన్ను దేన్నీ జోడించనివ్వలేదు. అంతకాలం ఆయన దాన్ని మోశారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ చలికాలంలోనే పోయారు.

ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పాను. ఇంట్లో, బడిలో, ఎన్నో తప్పులు చేశాను. ప్రతిసారీ నోటి చివర మూడు నాలుగు ఉపవాక్యాలు సిద్ధంగా ఉండేవి. కొన్నిసార్లు వాటిని కొట్టేయగలిగాను, కొన్నిసార్లు నా చేత కాలేదు. ఆయనను చూడని వాళ్లకు ఆయన ఎలాంటివారో చెప్పాలని ఇదంతా రాశాను కానీ, రాస్తూ రాస్తూ నా వయసును, మోజును, పెద్ద గుమాస్తా మాటను మధ్యలోకి తెచ్చానేమోనని అనుమానంగా ఉంది. అందుకని చివర ఒక్కసారి తిన్నగా చెబుతాను. ఆ పల్లెలో ఆ పదకొండు మంది చేండ్లు ఆ ఏడు బీడు పడ్డాయి. ఆ తప్పు నేను చేశాను.