ఖాట్మండు దాకా వెళ్ళిన పెరుగు

ఖాట్మండులో మా యాత్ర బస్సువాళ్ళ కడుపులు చెడింది మా మేనత్త పెరుగు వల్ల కాదు, నేను కాచని నీళ్ళ వల్ల. ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు నడివయసు దాటవలసి వచ్చింది.

ఎనభైల మొదట్లో చిత్తూరు నుంచి కాశీ మీదుగా నేపాల్‌కు ఒక యాత్ర బస్సు బయలుదేరింది. అత్తకు తోడుగా నన్ను ఎక్కించారు. పరదేశంలో ఒళ్ళు చెడకుండా ఉండాలంటే ఆమెకు తెలిసినవి రెండే: కాచిన నీళ్ళు తాగాలి, ఇంటి పెరుగు తినాలి. అందుకని ఇంటి నుంచే ఒక స్టీలు డబ్బాలో చేమిరి తెచ్చుకుంది. చేమిరి అంటే పాలు తోడుకోవడానికి వేసే పెరుగు. మా వీధిలో కొత్త కాపురం పెట్టేవాళ్ళంతా ఆమె చేతి చేమిరే పట్టుకుపోయేవాళ్ళు.

బస్సు ఆగిన ఊళ్ళో పాలు కొని, కాచి, తోడు వేసేది. మర్నాడు అందులోంచే ఒక గరిటె దాచేది. అలా చిత్తూరు పెరుగు తెగకుండా ఉత్తరాది అంతా తిరిగింది. సరిహద్దులో ఒక అధికారి మూత తీయించి, లోపల వేలు పెట్టబోయాడు.

"తాకబాకప్పా! పులిసిపోతాది" అని అత్త డబ్బా లాక్కుంది.

భాష అర్థం కాకపోయినా ఆమె మొహం చూసి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మనకన్నా ఈ పెరుగుకే మర్యాద జాస్తిగా ఉండాదబ్బా" అన్నాడు బస్సులోని బెల్లం మండీ పెద్దాయన.

ఖాట్మండు చలికి పాలు తోడుకోవని, నా మఫ్లరు ఊడదీసి డబ్బాకు చుట్టింది. నేను చలికి వణికాను. అయినా బస్సులో ఆ పెరుగన్నం తినేవాళ్ళలో నేనే ముందుండేవాణ్ణి.

బస్సువాళ్ళందరికీ తాగే నీళ్ళు కాచే పని నాది. ఆ పొద్దు నా మనసంతా బజారు మీద ఉంది. ఫారిన్ వాచీలు, టేప్‌రికార్డర్లు అక్కడ కుప్పలుగా దొరుకుతాయని విన్నాను. కిరసనాయిలు స్టవ్వేమో ఆ చలికి మంట పుంజుకోదు. గుండిగలో సగం నీళ్ళు వేడెక్కగానే మిగతా సగం కుళాయి నీళ్ళతో నింపేశాను. ఆవిరి మాత్రం బాగానే వస్తోంది.

"తెర్లినాయారా?" అని నీళ్ళు మరిగాయో లేదో అడిగింది అత్త.

"తెర్లినాయత్తా" అని బజారుకు పరిగెత్తాను. అక్కడ ఏదీ కొనలేదు. టీలు తాగుతూ తిరిగి వచ్చాను.

మర్నాడు బస్సులో సగం మంది చెంబులు పట్టుకుని సత్రం వెనక్కి పరుగులు. టీలతో కడుపు నింపుకున్న నాకూ, ఉపవాసమని నీళ్ళు కూడా ముట్టని అత్తకూ ఏమీ కాలేదు. పెరుగు తోడేసిన మనిషికి ఏమీ కాలేదంటే, ఆమె మీద అనుమానానికి అదే చాలింది.

"ఊరూరి పాలు కలిపినావు కదమ్మా, యాడో చెడింటాది" అన్నాడు బెల్లం మండీ పెద్దాయన పొట్ట పట్టుకుని.

అత్త నా వైపు తిరిగింది. "నీళ్ళు బాగా కాంచినావు కదరా?"

"కాంచినానత్తా."

ఆమె నమ్మింది. డబ్బా బోర్లించి కడిగేసింది. తిరుగు ప్రయాణమంతా అన్నంలోకి ఊరగాయే. ఊరు చేరాక ఎవరైనా చేమిరి అడిగితే "నా చెయ్యి మంచిది కాదప్పా, ఇంకో ఇంట్లో అడుగు" అనేది. అడిగేవాళ్ళు కూడా మెల్లగా తగ్గిపోయారు. అత్తకు పనులు చాలానే వచ్చు గానీ, ఊరు మెచ్చుకున్నది ఆ ఒక్కటే. అది పోగొట్టింది నేను.

ఆమధ్య తిరుపతిలో మా చెల్లెలు కొత్త ఇంట్లో చేరింది. గృహప్రవేశం భోజనాల పంక్తిలో అత్త, ఆమెకు ఎదురుగా బాగా ముసలివాడైన ఆ బెల్లం మండీ పెద్దాయన. పెరుగు వడ్డించేటప్పుడు ఆయన ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది ఈయమ్మ తోడేసింది కాదు గదా? అట్లయితేనే పెట్టు."

పంక్తి అంతా నవ్వింది. అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు చూశాక ఎంగిలి చేత్తోనే లేచాను.

"ఆ పొద్దు నీళ్ళు నేను కాంచలేదు. కుళాయి నీళ్ళు కలిపి, తెర్లినాయని అబద్ధం చెప్పినాను. నీ పెరుగులో ఏ దోషమూ లేదత్తా. అందరూ నిన్ను అంటా ఉంటే నోరు మూసుకుని కూర్చున్నాను. తప్పు నాదే. నన్ను మన్నించు."